తీగల, సాహిత్

తీగల సాహిత్ (జననం 1997 డిసెంబరు 4) హైదరాబాదు మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పుట్టి, చీనో హిల్స్‌లో పెరిగి, అమెరికా పురుషుల ప్రధాన వృత్తి పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో విజేతగా నిలిచిన గోల్ఫ్ క్రీడాకారుడు. పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా మణికట్టు గాయంతో ఒక సీజన్‌కు దూరమైనా, 2020లో కళాశాల గోల్ఫ్‌లోని హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పురస్కారాలు మూడింటినీ గెలుచుకుని, అదే ఏడాది వృత్తి క్రీడలోకి ప్రవేశించాడు.

2022లో పలుమార్లు విజయపుటంచుల దాకా వెళ్లి వెనుదిరిగిన ఇతడు, 2023లో తొలిసారి ఆడిన మాస్టర్స్ గోల్ఫ్ పోటీలో తొమ్మిదో స్థానాన్ని పంచుకుని, ఆ సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను, నాలుగు రోజుల ఆటలో నిర్ణీత దెబ్బల (స్ట్రోకుల) సంఖ్య అయిన పార్ కన్నా 21 తక్కువతో, రెండు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. 2024లో ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టుకు ఆడాడు.

ఇతడి పేరు చెప్పగానే గుర్తుకు రావలసింది మాత్రం, ఓడిన పోటీయే అయినా, పీజీఏ టూర్‌లోని 2024 టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండు. బంకర్‌లో, అనగా ఇసుక గుంతలో, కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకను తాకడం నిషిద్ధం. ఒకటి రెండు రేణువులు కదిలినట్టు తనకు అనిపించిందని సాహిత్ స్వయంగా అధికారులకు చెప్పి రెండు స్ట్రోకుల జరిమానా అంగీకరించాడు. చివరకు మూడో స్థానంలో నిలిచాడు; రెండో స్థానంలోని కాలిన్ మోరికావాకు, ఇతడికి తేడా సరిగ్గా రెండు స్ట్రోకులే.