మాట ఉంటే సాన్స్ ఉన్నట్టేనా?

2014 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు పీటర్ కింగ్ టీవీలో ఒక దలీల్ పెట్టాడు. ఊపిరాడటం లేదని ఆ మనిషి అనగలిగాడంటేనే అతనికి ఊపిరి ఆడుతున్నట్టు కదా, అని. ఆ మనిషి పేరు ఎరిక్ గార్నర్. అప్పటికి అతని ఇంతెఖాల్ అయ్యి నాలుగున్నర నెలలు.

జులై 17న న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో లూజు సిగరెట్లు అమ్ముతున్నాడని పోలీసులు గార్నర్‌ని చుట్టుముట్టారు. ఒకడు వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి బిగించి కింద పడేశాడు. మిగతావాళ్ళు బోర్లా అదిమారు. ఊపిరాడటం లేదని గార్నర్ 11 సార్లు అన్నాడు. అదంతా ఒక దోస్త్ ఫోన్‌లో రికార్డయింది. మెడ మీద, ఛాతీ మీద పడిన ఒత్తిడి, బోర్లా అదిమి పట్టడం వల్లే ఈ మౌత్ జరిగిందని, ఇది ఇతరుల చేతుల్లో జరిగిన చావేనని నగర మెడికల్ ఎగ్జామినర్ రాశారు. ఆస్తమా, ఊబకాయం, గుండెజబ్బు దానికి తోడయ్యాయని కూడా రాశారు. గ్రాండ్ జ్యూరీ మాత్రం కేసు నడపక్కర్లేదంది. ఐదేళ్ళ తర్వాత, 2019లో, ఆ పోలీసు నౌకరీ పోయింది. అంతే.

కింగ్ దలీల్ వినడానికి సాఫ్‌గా ఉంటుంది. చదువుకున్నవాళ్ళూ తలూపుతారు. ఇలాంటి మాటకి ఒక తారీఖ్ ఉంటుంది (మన ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ కూడా, చరిత్ర కూడా). ఇది ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

నా అందాజా ఏంటంటే, దీని మూలం దస్తర్‌ఖాన్ దగ్గర ఉంది. తింటూ తింటూ గొంతులో బోటీ ముక్క అడ్డం పడితే ఏం చెయ్యాలో 1974లో హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా డాక్టర్ ఒక తరీఖా చెప్పాడు. వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ నొక్కడం. ఫస్ట్ ఎయిడ్ నేర్పేవాళ్ళు దానికో షరతు పెట్టారు. మాట్లాడగలుగుతున్నా, గట్టిగా దగ్గగలుగుతున్నా దారి పూర్తిగా మూసుకుపోలేదని లెక్క, దగ్గనివ్వండి. మాట పెగలకపోతే వెంటనే నొక్కండి. ముక్క ఇరుక్కున్న గొంతుకి ఇది సహీ మాటే. అక్కడ అడ్డం గొంతులో ఉంది. బోర్లా పడేసి వీపు మీద మనుషులెక్కినప్పుడు గొంతు తెరిచే ఉంటుంది, కట్టుబడిపోయింది ఛాతీ. గొంతు కోసం పుట్టిన రూల్‌ని ఛాతీకి తగిలించేశారు.

మాట ఎలా పుడుతుందో కాస్త చూడాలి. ఉర్దూలో మనం సాన్స్ లేనా, సాన్స్ ఛోడ్‌నా అంటాం, తీసుకోవడం, వదలడం. ఆవాజ్ వచ్చేది వదిలేటప్పుడే. పిల్లలు ఆడుకునే రబ్బరు పీపీ బొమ్మ ఉంటుందే, నొక్కితే కుయ్యిమంటుంది. నొక్కి పట్టే ఉంచితే లోపలికి గాలి రాదు. మనిషి ఊపిరితిత్తుల్లో మామూలుగా ఊపిరి వదిలాక కూడా రెండు లీటర్ల పైనే గాలి మిగిలి ఉంటుంది. అందులోంచి కొంత ఖర్చుపెట్టి నాలుగు మాటలు అనొచ్చు, అమ్మా అని అరవొచ్చు. అది జమ కాదు, ఖర్చు.

ఇంకో లెక్క ఉంది, మెడికల్ విద్యార్థులందరికీ మొదటి ఏడాదే చెప్పేది. మామూలు ఊపిరి దాదాపు 500 మిల్లీలీటర్లు. అందులో 150 దాకా ముక్కు, గొంతు, గొట్టాల్లోనే ఆగిపోతుంది, రక్తం దాకా చేరదు. నిమిషానికి 16 సార్లు పీలిస్తే మొత్తం 8 లీటర్లు, పనికొచ్చేది 5.6 లీటర్లు. అదే మనిషి మీద బరువు పడి 200 మిల్లీలీటర్ల చొప్పున గబగబా 40 సార్లు పీలిస్తే? మొత్తం అదే 8 లీటర్లు. పనికొచ్చేది 2 లీటర్లే. ఛాతీ ఎగిరెగిరి పడుతుంటుంది, గొంతులోంచి మాట వస్తుంటుంది, లోపల దివాలా. పైగా పెనుగులాడిన ఒంట్లో ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని కడగడానికి మామూలు కంటే ఎన్నో రెట్లు ఊపిరి కావాలి. అది దొరక్కపోతే గుండె ఆగుతుంది. గుంపు తొక్కిసలాటల్లోనూ చాలామంది కాళ్ళ కింద పడి పోరు, నిలబడ్డచోటే ఛాతీ కదలక పోతారు. 1990లో మినా సొరంగంలో 1,426 మంది హాజీలు పోయిన హాదసా గురించి పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి ఈ మాట కొత్త కాదు.

కరోనాలో మనం కళ్ళారా చూశాం కూడా. 2021 వేసవిలో వేలికి ఆక్సీమీటర్ పెడితే 75, 80 చూపిస్తున్న పేషెంట్లు ఫోన్‌లో సలాం చెప్పారు, పిల్లల చదువుల గురించి అడిగారు. డాక్టర్లు దానికి హ్యాపీ హైపాక్సియా అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, మా మొహల్లాలో జనాజాలు లేస్తుంటే ఆ 'హ్యాపీ' అనే మాట రాయడానికి నా చెయ్యి రాలేదు. జబ్బు వేరు, మెడ మీద మోకాలు వేరు, నిజమే. కానీ మాటని ఆక్సిజన్‌కి సబూత్‌గా తీసుకోవడం ఎంత కచ్చా పనో అప్పుడే తెలిసింది.

ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. సియాటిల్‌లో డోనాల్డ్ రే అనే మెడికల్ ఎగ్జామినర్ 1988లోనే కాళ్ళూ చేతులూ వెనక్కి కట్టి బోర్లా పడుకోబెట్టడం గురించి ప్రయోగం చేసి హెచ్చరించాడు. 1995 జూన్‌లో అమెరికా న్యాయశాఖే పోలీసులకి ఒక బులెటిన్ పంపింది: బేడీలు వేసిన వెంటనే మనిషిని బోర్లా పొజిషన్ నుంచి తప్పించండి, అని. తర్వాత 1997లో శాన్ డియేగో డాక్టర్లు 15 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళని అలా కట్టి చూసి, పెద్ద ప్రమాదమేం కనిపించలేదన్నారు. పోలీసు తరఫు వకీళ్ళు ఆ పేపర్‌ని ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిప్పారు. ల్యాబ్‌లో ఖౌఫ్ లేదు, వీపు మీద నలుగురు మనుషుల బరువు లేదు, ఆపండంటే ఆపేస్తారు. రోడ్డు మీద ఈ మూడూ తారుమారు.

మన ఇళ్ళ మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎవరికైనా దిమాగీ దౌరా వచ్చి చెయ్యి చేసుకుంటుంటే, ఆసేబ్ పట్టిందని అనుకుంటే, నలుగురు మగపిల్లలు బోర్లా తోసి వీపు మీద కూర్చోవడం మన గల్లీల్లో ఉన్నదే. అరుస్తున్నాడుగా, ఏం కాదులే, అనడమూ ఉన్నదే. ఊపిరి అందని మనిషి ఎక్కువ పెనుగులాడతాడు. అది చూసి పైవాళ్ళు ఇంకా గట్టిగా అదుముతారు. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే చేతులూ కాళ్ళూ పట్టండి, ఛాతీనీ మెడనీ వదిలేసి వెంటనే పక్కకి తిప్పండి.

బోర్లా పడుకోబెట్టడం ఒక్కటే కాదు. 2010 అక్టోబర్ 12న లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్‌లో అంగోలాకి వెళ్ళే విమానంలో జిమ్మీ ముబెంగాని ప్రైవేటు గార్డులు సీట్లో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టి, తల ముందుకి వంచి పట్టుకున్నారు. ఊపిరాడటం లేదన్న అతని కేక ప్రయాణికులు విన్నారు. పక్కనే ఉన్న గార్డులు మాత్రం వినలేదన్నారు. చట్టవిరుద్ధంగా చంపారని 2013లో ఇన్‌క్వెస్ట్ జ్యూరీ తేల్చింది. 2014లో క్రిమినల్ కోర్టు ముగ్గురినీ బరీ చేసింది. 2015 డిసెంబర్‌లో సిడ్నీ జైల్లో 26 ఏళ్ళ ఆదివాసి డేవిడ్ డుంగే. షుగర్ పేషెంట్, బిస్కెట్లు తినడం ఆపలేదని గార్డులు మీద పడ్డారు. అతను 12 సార్లు అన్నాడు. జవాబు కింగ్ దలీల్ లాంటిదే: మాట్లాడుతున్నావుగా, ఊపిరి తీసుకుంటున్నట్టే. అమెరికా ఒక్కదానిలోనే పదేళ్ళలో ఈ మాట అన్నాక పోలీసు చేతుల్లో పోయినవాళ్ళు కనీసం 70 మంది అని 2020లో న్యూయార్క్ టైమ్స్ లెక్క తేల్చింది.

ఆ ఏడాది మేలో మినియాపొలిస్ నుంచి వచ్చిన వార్తని తెలుగు చేస్తూ నేనొక చోట ఆగాను. తెలుగులో ఊపిరి 'ఆడాలి'. రావాలి, పోవాలి, మళ్ళీ రావాలి. జార్జ్ ఫ్లాయిడ్ చెప్పింది సరిగ్గా అదే, తనకి ఆడటం లేదని. డెరెక్ షావిన్ మోకాలు 9 నిమిషాల 29 సెకండ్లు ఆ మెడ మీద, వీపు మీద ఉంది. ఫ్లాయిడ్ 27 సార్లు ఆ మాట అన్నాడని కోర్టులో ప్రాసిక్యూషన్ చెప్పింది. అంత మాట్లాడాలంటే బోలెడు ఆక్సిజన్ కావాలని షావిన్ ఎగతాళి చేశాడు.

2021 ఏప్రిల్ 8న డాక్టర్ మార్టిన్ టోబిన్ గవాహీకి వచ్చాడు. ఐర్లాండ్‌లో పుట్టి షికాగోలో పనిచేసే ఊపిరితిత్తుల నిపుణుడు. జ్యూరీ వాళ్ళని తమ మెడలు తామే తడిమి చూసుకోమన్నాడు. మాట్లాడుతుంటే ఊపిరి ఉన్నట్టే అన్నది ఆ క్షణానికి నిజమే, కానీ ఐదు సెకండ్ల తర్వాత ఉంటుందో లేదో అది చెప్పదు, అందుకే అది ఖతర్నాక్ ధీమా అన్నాడు. ఫ్లాయిడ్ గొంతు 4 నిమిషాల 51 సెకండ్ల దాకా వినిపించింది. ఒంట్లో ఆక్సిజన్ పూర్తిగా అయిపోయాక కూడా ఇంకో 3 నిమిషాల 2 సెకండ్లు మోకాలు అక్కడే ఉందని టోబిన్ లెక్క కట్టి చెప్పాడు.

నాకు అన్నింటికన్నా గట్టిగా తగిలింది ఈ రెండో లెక్కే. మాటే ఊపిరికి నిశానీ అని వాళ్ళు దిల్‌సే నమ్మి ఉంటే, మాట ఆగిన మరుక్షణం లేచి నిలబడాలి కదా! ఎవరూ లేవలేదు. మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉన్నాడన్నారు. ఖామోష్ అయ్యాక మెదలకుండా పట్టుకున్నారు. ఫుట్‌పాత్ మీద జనం నబ్జ్ చూడండని కేకలేశారు. ఒక పోలీసు చూశాడు, దొరకలేదన్నాడు. కాళ్ళు పట్టుకున్న థామస్ లేన్‌కి అది నౌకరీలో నాలుగో రోజు. పక్కకి తిప్పుదామా అని రెండుసార్లు అడిగాడు. షావిన్ వద్దన్నాడు. లేన్ కాళ్ళు పట్టుకునే ఉన్నాడు.