గడప దగ్గరి నది: ఆలంపురం ద్వారశిల్పం, బాప్తిస్మ సంప్రదాయం

మతకళలో జలం శుద్ధికి మాత్రమే ప్రతీక కాదు. ఒక స్థితి నుండి మరొక స్థితికి దాటే హద్దుకు కూడా ప్రతీక. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డ ఇందుకు చక్కని ఆధారం.

ఆలంపురంలోని నవబ్రహ్మాలయాలను క్రీ.శ. 7–8 శతాబ్దాలలో బాదామి చాళుక్యులు నిర్మించారు. గుప్తుల కాలం నుండి వ్యాపించిన సంప్రదాయాన్ని అనుసరించి, ఇక్కడి ద్వారబంధాల అడుగుభాగాన మకరవాహనంపై గంగ, కూర్మవాహనంపై యమున కనిపిస్తారు. గర్భాలయానికి వెళ్లే భక్తుడు ఆ ఇద్దరి నడుమ నుండి సాగుతాడు. గడప దాటడమే స్నానమవుతుంది. చాళుక్య శాసనాలు గంగాయమునలను రాజలాంఛనాలుగా కూడా పేర్కొన్నాయి. కనుక ఈ శిల్పాలలో పావనత్వంతో పాటు సార్వభౌమత్వమూ ధ్వనిస్తుంది. తుంగభద్ర పక్కనే పారుతున్నా శిల్పి దూరపు నదులను గుడి వాకిటికి తెచ్చాడు.

క్రైస్తవ కళలోనూ నదికి మానవరూపం ఉంది. ఇటలీలోని రవెన్నాలో 5వ శతాబ్దపు బాప్తిస్మ మందిరం పైకప్పు చిత్రంలో యొర్దాను నది వృద్ధుడిగా నీటి నుండి పైకి లేస్తుంది. అయితే నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాలలో 20వ శతాబ్దిలో పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ నిమజ్జన బాప్తిస్మాన్ని పాటించింది. ఆ సంప్రదాయంలో ప్రతీక శిల్పంలో కాక క్రియలో ఉంది. నీట మునగడం పాత జీవితపు మరణం, పైకి లేవడం పునరుత్థానం. కథోలికులు వాడే ‘జ్ఞానస్నానం’ అనే మాట దీనిని తెలుగువారి తీర్థస్నాన భావనకు దగ్గర చేసింది. ప్రొటెస్టెంట్ల ‘బాప్తిస్మము’ గ్రీకు మూలపదాన్నే నిలుపుకొంది.

రెండింటి మధ్య ముఖ్యభేదం స్థలానికి సంబంధించినది. బాప్తిస్మానికి ఏ నీరైనా చాలు. 1878 జూలై 3న ఒంగోలు మిషన్ వారు 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది గుండ్లకమ్మ నదిలోనే. తీర్థ మహిమ మాత్రం స్థలాన్ని ఆశ్రయించి ఉంటుంది. కృష్ణా తుంగభద్రల సంగమం వద్ద కూడవెల్లిలో వెలసిన సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయ ముంపు కారణంగా విప్పి, ఆలంపురంలో పునర్నిర్మించారు. రాళ్లు తరలివచ్చాయి, సంగమం రాలేదు. ద్వారశిల్పం దూరపు గంగను వాకిట నిలపగలిగింది గాని, ‘సంగమేశ్వర’ నామానికి ఆధారమైన నీటిని ఆలయం వెంట తేలేకపోయింది. జలప్రతీకను అర్థం చేసుకోవడానికి శిల్పంతో పాటు దాని చుట్టూ ఉన్న నీటి చరిత్రను కూడా చదవవలసి ఉంటుంది.