శాతవాహన రాజుకు వచ్చిన ఉత్తరం: సుహృల్లేఖ పుట్టుపూర్వోత్తరాలు

సుహృల్లేఖ అంటే స్నేహితుడికి రాసిన ఉత్తరం. క్రీ.శ. రెండో శతాబ్ది ప్రాంతంలో ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు దీన్ని రాసి పంపాడని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆ రాజు గౌతమీపుత్ర శాతకర్ణి అని కొందరు, యజ్ఞశ్రీ శాతకర్ణి అని మరికొందరు పండితులంటారు. నూట ఇరవైకి కాస్త పైబడిన శ్లోకాల చిన్న గ్రంథమిది. మనిషి ఎలా బతికితే బాగా బతికినట్టు? రాజ్యం, సంసారం, సంపద అన్నీ ఉన్నవాడు మనసును ఎలా కాచుకోవాలి? ఈ ఉత్తరం నిండా ఉన్నది ఇదే విచారం.

అంతకు అయిదారు వందల ఏళ్ల ముందే గ్రీకులు ఈ ప్రశ్న వేసుకున్నారు. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో విషం తాగి చనిపోయిన సోక్రటీస్ జీవితమంతా అడిగింది దీన్నే. అరిస్టాటిల్ (క్రీ.పూ. 384-322) ఈ స్థితికి వాడిన మాట యూడైమోనియా. దాన్ని ఆనందం అనేస్తే అర్థం చిన్నదైపోతుంది. మంచి గుణాలను అలవాటుగా మార్చుకుని, మనిషి తన శక్తులన్నిటినీ సరిగ్గా వాడుకుంటూ నిండుగా బతకడం అది. ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341-270) మెనోకియస్ అనే శిష్యుడికి ఉత్తరమే రాశాడు. ఆయన్ని భోగలాలసుడిగా లోకం జమకట్టింది గానీ ఆ నింద సరైంది కాదు. ఒంటికి నొప్పి, మనసుకు కలత లేకపోవడమే సుఖమని, అందుకు సాదా తిండి చాలునని ఆయన చెప్పాడు. జీనో మొదలుపెట్టిన స్టోయిక్ మార్గం ఇంకో అడుగు ముందుకేసి, మన చేతిలో ఉన్నదేమిటో లేనిదేమిటో తేల్చుకోమంది. ఈ మాటను అందరికంటే గట్టిగా చెప్పిన ఎపిక్టెటస్ ఒకప్పటి బానిస. నాగార్జునుడి కాలానికి దగ్గరివాడైన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ (క్రీ.శ. 121-180) తనకు తాను చెప్పుకున్న సుద్దులను గ్రీకులోనే రాసుకున్నాడు.

ఈ రెండు లోకాలకూ పరిచయం లేకపోలేదు. పిర్రో అనే గ్రీకు తాత్త్వికుడు అలెగ్జాండర్ దండుతో భారతదేశానికి వచ్చి ఇక్కడి దిగంబర సన్న్యాసులను కలిశాడని డయోజెనిస్ లేర్షియస్ రాశాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పదమూడో శాసనం ఉంది. అంతియోకుడు, తులమయుడు మొదలైన అయిదుగురు యవన రాజుల పేర్లూ, ఆంధ్రుల పేరూ అందులో ఒక్కచోటనే కనబడతాయి. ఎపిక్టెటస్ బోధలను రాసిపెట్టిన శిష్యుడు ఏరియన్, ఇండికా పేరుతో ఈ దేశం గురించి కూడా పుస్తకం రాశాడు.

ఆ పరిచయానికి గుర్తులు సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లోనూ ఉన్నాయి. 1940 దశకం మొదట్లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అక్కడి దిబ్బను తవ్వించింది. శాతవాహనుల నాణేలు రాశిగా బయటపడ్డాయి. వాటితో పాటు నాణేలు పోసే మూసలు, బౌద్ధ కట్టడాలు, తెల్లమట్టి బొమ్మలు, రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం దొరికాయి. సరుకు అంత దూరం నుంచి వచ్చిందన్నది నిజం. ఆలోచన కూడా అలాగే వచ్చిందనడానికి మాత్రం సాక్ష్యం లేదు. సుహృల్లేఖ వేళ్లు బుద్ధుడి బోధలోనే ఉన్నాయి. గ్రీకుల నుంచి తెచ్చుకున్నదని అనడం తప్పు.

ఉత్తరం ఎత్తుకోవడమే వినయంతో ఎత్తుకుంటుంది. కొయ్యతో చేసిన బుద్ధ విగ్రహానికైనా తెలిసినవాళ్లు మొక్కుతారు కదా, అలాగే నా కవిత్వం బాగాలేకపోయినా విషయాన్ని చూసి వినమని రాజును అడుగుతాడు నాగార్జునుడు. పోలికలన్నీ అందరూ ఎరిగినవే. మనసులోని గీతలు నీటి మీద, నేల మీద, రాతి మీద గీసినట్టు మూడు రకాలు. కోపం లాంటివి నీటి మీది గీతలా చెరిగిపోవాలి, ధర్మం మీది ఇష్టం రాతి గీతలా నిలవాలి. మనుషులు మామిడికాయల్లాంటివాళ్లు: పైకి పండినట్టుండి లోపల పచ్చివి కొన్ని, పచ్చిగా కనబడుతూ లోపల పండినవి కొన్ని. మామిడితోటల మధ్య పెరిగినవాళ్లకు ఈ పోలికను ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇందులో స్టోయిక్కులకు బాగా దగ్గరగా వచ్చే చోటు అష్టలోకధర్మాల ప్రస్తావన. లాభం, నష్టం, సుఖం, దుఃఖం, కీర్తి, అపకీర్తి, పొగడ్త, తెగడ్త: ఈ ఎనిమిదింటి దగ్గరా మనసు ఒకే తీరుగా ఉండాలంటాడు. సంపదలన్నిటిలో తృప్తిని మిన్నగా చెప్పే చోట ఎపిక్యూరస్ గుర్తుకొస్తాడు. అయితే దారులు ఆ తర్వాత విడిపోతాయి. గ్రీకులు ఎక్కువగా ఈ ఒక్క జీవితం గురించే మాట్లాడారు. నాగార్జునుడి ఉత్తరంలో పెద్ద భాగం జన్మపరంపర, నరకయాతనలు, నిర్వాణం గురించే. దాన్ని పక్కన పెట్టి నీతివాక్యాలు మాత్రం ఏరుకుంటే గ్రంథానికి అన్యాయం చేసినట్టే.

రాజుకే చెప్పిన మరో గ్రంథం రత్నావళి కూడా నాగార్జునుడిదే. బాగా బతకడమన్న మాట అందులో ఒక్క మనిషిని దాటి రాజ్యం మొత్తానికీ పాకింది. దెబ్బతిన్న రైతుకు విత్తనాలూ తిండీ ఇవ్వాలి, పన్నులు తగ్గించాలి. ఖైదీలను విడిచేదాకా వాళ్లకు క్షవరం, స్నానం, తిండి, మందులు, బట్టలు అందాలి. దండన తండ్రి కొడుకును దిద్దినట్టుండాలి. చీమల పుట్టల దగ్గర కూడా తిండీ నీళ్లూ పెట్టించమన్నాడు. నేటి జైళ్లకూ పొలాలకూ సరిపోయే ఈ మాటలకు సుమారు పద్దెనిమిది వందల ఏళ్లు.

సుహృల్లేఖ నిలిచింది పరాయి భాషల్లో. చైనీయంలోకి అయిదో శతాబ్దిలోనే రెండుసార్లు వెళ్లింది. ఏడో శతాబ్దిలో వచ్చిన యాత్రికుడు ఇత్సింగ్ మూడోసారి అనువదించాడు. భారతదేశంలో విద్యార్థులు చదువు మొదట్లోనే ఈ ఉత్తరాన్ని నేర్చుకుంటారనీ, భక్తిపరులు జన్మంతా దాన్నే చదువుకుంటారనీ ఆయన రాశాడు. టిబెటన్‌లోకి సర్వజ్ఞదేవుడు, పల్‌చెక్ కలిసి మార్చారు. ఆ టిబెటన్ పాఠం నుంచే వెంజెల్ 1886లో ఇంగ్లిషులోకి తెచ్చాడు. పరాయి భాషల్లో నిలిచిన ఈ ఉత్తరం శాతవాహనులు ఏలిన నేలలోని బడి పుస్తకాల్లోకీ రావాలి.