పచ్చబొట్టు పొడిచిన చేయి: కృష్ణా డెల్టాలో దేహచిహ్నాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పచ్చబొట్టును గురించి ఇంతవరకు జరిగిన చర్చ ఎక్కువగా దానిని ధరించినవారి అలంకారం, విశ్వాసం చుట్టూ తిరిగింది. దానిని పొడిచిన ఎరుకల స్త్రీ వృత్తికారిణిగా చరిత్రలో నిలవలేదు. విజయవాడ, కృష్ణా డెల్టా నేపథ్యంలో ఆమె స్థానాన్ని, నేరస్థ తెగల చట్టం ఆ వృత్తిపై చూపిన ప్రభావాన్ని ఆఫ్రికా దేహచిహ్న సంప్రదాయాలతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పచ్చబొట్టు, ఎరుకల, వాత, తప్తముద్ర, నేరస్థ తెగల చట్టం, సీతానగరం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

దసరా రోజుల్లో విజయవాడ వన్ టౌన్ వీధులు డెల్టా గ్రామాలతో నిండిపోతాయి. ఇంద్రకీలాద్రి దిగువ నుంచి కాళేశ్వరరావు మార్కెట్ వరకు సాగే ఆ జనంలో డెబ్బై దాటిన స్త్రీల ముంజేతుల మీద, గడ్డం మీద మసకబారిన పచ్చని చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. వారి వెంట నడిచే మనుమల చేతుల మీద యంత్రంతో వేసిన టాటూలు ఉంటాయి. ఈ రెండింటినీ ఒకే కళకు పాత, కొత్త రూపాలుగా చెప్పడం పరిపాటి అయింది. చర్మం కిందికి రంగు పంపడమనే ప్రక్రియ వరకు అది నిజమే. కానీ అవ్వ చేతి మీది చుక్క ఒక గడప దగ్గర ఇద్దరు స్త్రీల మధ్య జరిగిన వ్యవహారానికి మిగిలిన గుర్తు. ఒకామె ఆ ఇంటి ఇల్లాలు. రెండవ ఆమె బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగే ఎరుకల స్త్రీ. మొదటి ఆమె చేయి పరిశోధకుల కంట పడింది. రెండవ ఆమె చేతిని పట్టించుకున్నవారు తక్కువ.

2. పదం – పదార్థం

తెలుగులో ముగ్గు వేస్తారు, బొట్టు పెడతారు, పచ్చబొట్టు మాత్రం పొడుస్తారు. ధరించిన స్త్రీ పరంగా చెప్పవలసివస్తే ‘పొడిపించుకుంది’ అనాలి. అది ప్రేరణార్థక క్రియ. పొడిచే మరొక మనిషి లేనిదే ఆ క్రియకు అర్థం లేదు. అయినా వాక్యంలో ఆ ప్రయోజ్య కర్త తరచు లోపిస్తుంది. పచ్చబొట్టు చరిత్రలో జరిగినదీ దాదాపు ఇదే.

తమిళంలో ‘పచ్చై కుత్తు’, కన్నడంలో ‘హచ్చె’ అన్న మాటలు ఈ పదానికి దగ్గరి చుట్టాలు. మూడు భాషలూ రంగునే పేరుగా స్వీకరించాయి. నిజానికి లోపలికి పంపే పదార్థం పచ్చనిది కాదు, నల్లని మసి. మసి రేణువులు లోపలి చర్మంలో స్థిరపడినప్పుడు పై పొర గుండా ప్రసరించి వెనుదిరిగే వెలుతురు వాటికి నీలి, పచ్చ ఛాయను ఇస్తుంది. మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ ఈ మసి తయారీని నమోదు చేశాడు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి పలుచని గుడ్డలో చుట్టి వత్తి చేస్తారు. దానిని ఆముదపు దీపంలో వెలిగించి, పైన బోర్లించిన కుండకు పట్టిన మసిని గీకి నీటితో గాని చనుబాలతో గాని రంగరిస్తారు. ఆపై గుత్తిగా కట్టిన సూదులతో పొడుస్తారు. పిల్లలకు పొడిచేటప్పుడు నొప్పి మరపించడానికి కొరవ స్త్రీలు పాడే పాటను కూడా అతడు ప్రస్తావించాడు. సూది పట్టిన ఆమెకు రంగు తయారీ, దేహం మీద తావు ఎంపిక, పుండు మానే వరకు జాగ్రత్త, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టే నేర్పు అన్నీ తెలిసి ఉండాలి. దీనిని శాస్త్రం అనకపోయినా విద్య అనక తప్పదు.

చిహ్నాల పట్టిక ఇక్కడ పెంచడం అనవసరం. చుక్కలు, ముగ్గు గీతలు, తేలు, చిలుక, పద్మం దక్షిణాది అంతటా ఉన్నవే. పేర్ల సంగతి మాత్రం వేరు. భర్త పేరు నోట పలకకూడదన్న ఆచారమున్న ఇళ్లలో ఆ పేరే ఇల్లాలి ముంజేతి మీద అక్షరాలుగా నిలిచింది. చచ్చినా వెంట వచ్చే సొమ్ము పచ్చబొట్టే అన్న నమ్మకం ఈ పేర్లకు మరింత బరువునిచ్చింది.

3. నిప్పు గుర్తు – సూది గుర్తు

దేహచిహ్నాలను గురించిన ప్రపంచ పరిశోధనలో ఆఫ్రికాకు పెద్ద స్థానం ఉంది. ఈజిప్టులోని గెబెలీన్‌లో లభించిన, సుమారు 5,000 ఏళ్ల నాటి స్త్రీ మమ్మీ భుజం మీద పచ్చబొట్లు ఉన్నట్లు 2018లో ప్రకటించారు. సహారాకు దక్షిణాన సూది కంటె కత్తి ఎక్కువగా వాడుకలో ఉంది. చర్మాన్ని కోసి, పుండు మానేటప్పుడు మచ్చ ఉబికి నిలిచేలా చేస్తారు. నల్లని మేనిపై రంగు కంటె ఉబ్బెత్తు గీత స్పష్టంగా కనిపిస్తుందన్నది దీనికి తరచు చెప్పే కారణం. అది పూర్తి వివరణ కాదు; మొజాంబిక్, టాంజానియా ప్రాంతాల మకొండేలు కోతను, మసిని కలిపి వాడారు. దక్షిణ సూడాన్‌లోని న్యూయెర్ యువకుడి నుదుట అడ్డంగా కోసే ఆరు గీతలు అతడు బాల్యం దాటినట్లు చెబుతాయి. నైజీరియాలోని యొరుబాలలో ముఖం మీది గీతలను బట్టి వంశాన్ని, ఊరిని పోల్చుకునేవారు. శామ్యూల్ జాన్సన్ రాసిన యొరుబాల చరిత్ర 1921లో వెలువడింది. అందులో ఈ గీతల రకాలు పేర్లతో సహా ఉన్నాయి. ఈ పనిచేసేవాడికి కూడా ఆ భాషలో ‘ఒలూలా’ అనే వృత్తినామం ఉంది.

తెలుగునేల మీద దీనికి సమాంతరాన్ని వెదికేవారు నేరుగా పచ్చబొట్టు దగ్గరికి వెళతారు. మచ్చ పడేలా చేసే సంప్రదాయానికి ఇక్కడ దగ్గరిది వాత. పసిపిల్లలకు జబ్బు చేస్తే కాల్చిన ఇనుముతో పెట్టిన వాతలు ఒక రకం. శ్రీవైష్ణవ, మాధ్వ సంప్రదాయాలలో శంఖచక్రాలను కాల్చి భుజాల మీద వేసే తప్తముద్రలు మరొక రకం. దేవునికి అర్పితులైన బసివి స్త్రీలకు వేసిన ముద్రలు కూడా ఈ కోవలోనివే. తప్తముద్రను వేసే గురువుకు పరంపర ఉంది, ఆ క్రియకు మంత్రం ఉంది, దానిని సమర్థించే గ్రంథాలూ, ఖండించే గ్రంథాలూ ఉన్నాయి. సూది గుర్తుకు ఇవేవీ లేవు. వేసినదీ వేయించుకున్నదీ స్త్రీలే కావడం, వేసిన ఆమె కులపు మెట్ల మీద అట్టడుగున ఉండటం ఈ వ్యత్యాసానికి ముఖ్య కారణాలు.

4. ఎరుక చెప్పే నోరు, సూది పట్టిన చేయి

సాహిత్యంలో ఎరుకలసానికి చోటు లేకపోలేదు. పద్మావతి కోసం శ్రీనివాసుడు ధరించిన వేషం ఆమెదే. యక్షగానాలలో, కురవంజులలో సింగి, సింగడు జనరంజకమైన పాత్రలు. అయితే ఆ రచనలు ఆమె నోటిని పట్టుకున్నంతగా చేతిని పట్టుకోలేదు. ఎరుక చెప్పడం కథను నడిపిస్తుంది, నాయికకు నాయకుడి రాకను సూచిస్తుంది. పచ్చబొట్టు పొడవడం కథకు పనికివచ్చే చర్యగా కవులకు తోచలేదు కాబోలు.

జాతుల వర్ణన గ్రంథాల తీరు మరొకటి. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన థర్‌స్టన్, రంగాచారి గ్రంథం ఎరుకల, కొరవ సమూహాలకు ఎన్నో పుటలు కేటాయించింది. తెలుగునాట తరచు పేర్కొనే ఎరుకల ఉపశాఖలు ఉప్పు, కరివేపాకు, దబ్బ, కుంచె, పరికముగ్గుల మొదలైనవి. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు మోసినవారు, వెదురు దబ్బలతో బుట్టలు అల్లినవారు, ముగ్గు వేసి జోస్యం చెప్పినవారు ఈ పేర్లలో ఉన్నారు. తమిళ దేశపు కొరవల్లో ‘పచ్చైకుత్తి’ అనే పేరు వినిపిస్తుంది. తెలుగు పేర్లలో సూది జాడ లేదు. కుటుంబమంతా కలిసి చేసే పని శాఖకు పేరైంది, స్త్రీ ఒంటరిగా చేసే పని కాలేదు. గోండుల నడుమ మాత్రం స్థితి కొంత భిన్నం. ఆదిలాబాదు ప్రాంతంలో పచ్చబొట్లు పొడిచే తోటి స్త్రీలు, గోండుల వంశగాథలు పాడే సమూహానికి చెందినవారు. అక్కడ గాథ, సూది ఒకే కుటుంబంలో ఉండటం వల్ల ఆ సంబంధం తరాల పాటు నిలిచింది.

డెల్టాలో ఆ సంబంధం రుతువులతో ముడిపడినది. బెజవాడ ఆనకట్ట 1852–55 మధ్య నిర్మితమైంది. కాలువల కింద వరి విస్తరించింది. కోతల కాలంలో ధాన్యం చేతిలో ఆడే గ్రామాలు సంచార వృత్తులవారిని ఆకర్షించాయి. బుట్టలు, చేటలు అమ్మడం, సోది చెప్పడం, పచ్చబొట్టు పొడవడం ఒకే గడప దగ్గర, ఒకే పూట జరిగిపోయేవి. కూలి చేటెడు ధాన్యమో పాత చీరో. ఇదే కాలంలో ఆ కుటుంబాల మగవారి ఉప్పు వ్యాపారం రైళ్ల రాకతో, ప్రభుత్వ ఉప్పు విధానంతో చితికిపోయిందని మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. మగవారి జీవనం కూలినకొద్దీ స్త్రీల చిల్లర సంపాదన ఇంటికి ఆధారమై ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

5. గుర్తులు వేసినవారి మీద గుర్తు

రాజ్యానికి దేహచిహ్నాలు కొత్త కావు. జీవితఖైదీల నుదుట నేరాన్ని పచ్చబొట్టుగా పొడిపించే శిక్షను కంపెనీ ప్రభుత్వం 18వ శతాబ్దం చివర బెంగాలులో చట్టబద్ధం చేసింది, తరువాత మద్రాసుకూ విస్తరించింది. 1849లో రద్దు చేసింది. ఆ తరువాత రాజ్యం గుర్తులు వేయడం మానింది గాని చదవడం మానలేదు. పోలీసు వర్ణన పత్రాలలో మచ్చలు, పచ్చబొట్లు ఆనవాళ్లుగా చేరాయి. పదవ తరగతి ధ్రువపత్రంలో పుట్టుమచ్చలు రాయించే నేటి అలవాటు ఈ ధోరణికి దూరపు వారసత్వమే. అట్లాంటిక్ ఆవల ఇంతకంటె క్రూరమైన ఉదాహరణ ఉంది. బంధువులు గుర్తుపట్టడానికి ఆఫ్రికన్ల ముఖాల మీద కోసిన గీతలే, పారిపోయిన బానిసలను పట్టుకోవడానికి యజమానులు వేసిన పత్రికా ప్రకటనలలో ఆనవాళ్లయ్యాయి.

1892లో మద్రాసు పోలీసు అధికారి ముల్లాలీ ‘నేరప్రవృత్తి గల వర్గాల’ మీద ఒక పుస్తకం ప్రచురించాడు. ఆ తరహా రచనలలో ఎరుకల స్త్రీ సోది నెపంతో ఇళ్లలో చొరబడి ఆనుపానులు కనిపెట్టి మగవారికి చేరవేసే మనిషిగా దర్శనమిస్తుంది. ఇల్లాలు నమ్మి చేయి చాపిన గడపే నేరానికి తొలిమెట్టు అయింది. దేహాల కొలతలు తీయడంలో మద్రాసు పోలీసులకు పాఠాలు చెప్పిన థర్‌స్టనే పచ్చబొట్టు వివరాలను నమోదు చేసినవాడు కావడం గమనార్హం. ఆ వివరాలను వాడుకునేవారు ఈ విషయాన్ని మరచిపోరాదు.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికి వర్తించింది. నమోదైనవారి వేలిముద్రలు తీసుకునే అధికారం దాని ద్వారా వచ్చింది. 1910ల్లో ఎరుకలను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, బెజవాడకు ఎదుటి ఒడ్డున సీతానగరంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహించిన సెటిల్‌మెంట్లకు చేర్చారు. హాజరు పిలుపులు, బయటికి వెళ్లాలంటే అనుమతి పత్రాలు నిత్యజీవితమయ్యాయి. నేటి ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. వన్ టౌన్ నుంచి సీతానగరం నది అడ్డంగా అంత దూరమే. అయినా అనుమతి లేకుండా ఆ దూరం దాటడం నేరమైన చోట ఊరూరా తిరిగి చేసే వృత్తి ఎలా సాగుతుంది? ఇతరుల చేతుల మీద చెరగని గుర్తులు వేసిన వేళ్లు సిరా పూసుకొని కాగితం మీద తమ గుర్తు తామే వేయవలసివచ్చింది. దేశవ్యాప్తంగా ఈ చట్టం 1952లో రద్దయ్యేనాటికి ఒక తరం పిల్లలు తల్లి వెంట ఊళ్లు తిరగకుండానే పెరిగారు. చూసి నేర్చుకునే విద్యకు ఇంతకంటె పెద్ద దెబ్బ ఉండదు. పచ్చబొట్టు క్షీణతకు ఆధునిక అభిరుచి, చదువు మాత్రమే కారణమనే వివరణ అసంపూర్ణమని దీనివల్ల తేలుతుంది.

6. వర్తమాన స్థితి

కోటప్పకొండ, పెనుగంచిప్రోలు తిరునాళ్ల వంటి చోట్ల సూదుల గుత్తి స్థానంలో చాలాకాలంగా బ్యాటరీ యంత్రం ఉంది. పచ్చబొట్టు పురుషుల చేతికి మారింది. నగరాలలో టాటూ దుకాణమై ధర పలుకుతోంది. 2015 నాటి ‘బాహుబలి’లో నాయకుడు నాయికకు తెలియకుండా ఆమె చేతి మీద రంగుల బొమ్మ వేసే సన్నివేశం పెద్ద వాదానికి దారితీసింది. వాదమంతా స్త్రీ సమ్మతి గురించి సాగింది, అది సముచితమే. పచ్చబొట్టు అనాదిగా స్త్రీ స్త్రీకి పొడిచినదన్న సంగతి మాత్రం ఆ చర్చలో పెద్దగా వినిపించలేదు.

నైజీరియా 2003లో బాలల హక్కుల చట్టం ద్వారా పిల్లల దేహాలపై గీతలు, పచ్చబొట్లు వేయడాన్ని నిషేధించింది. నొప్పి ఎరుగని పరిశోధకులు సంప్రదాయం పేరుతో దీనిని విమర్శించడం తగదు. డెల్టాలోనూ చాలామంది స్త్రీలకు పచ్చబొట్టు పొడిచినది వారి అభిప్రాయం అడిగే వయసు రాకముందే. భారత సైన్యపు నియామక నియమాలు ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుకవైపు తప్ప శాశ్వతమైన పచ్చబొట్లను అంగీకరించవు. ఆచారరీత్యా వేయించుకునే గిరిజనులకు మినహాయింపు ఉంది. ఎరుకలు షెడ్యూల్డు తెగ. కానీ వారి స్త్రీల పనితనం ఎక్కువగా మిగిలి ఉన్నది గిరిజనేతరుల చేతుల మీద.

ఆ చేతుల ఆయుర్దాయమే ఈ ఆధారాల ఆయుర్దాయం. క్షేత్రపర్యటనలలో వాడే ప్రశ్నావళులు సాధారణంగా ఏ బొమ్మ, ఎందుకు, ఏ వయసులో అన్న మూడు ప్రశ్నలతో ఆగిపోతాయి. ఎవరు పొడిచారు, ఏ ఊరినుంచి వచ్చేది, ఆమెను ఏమని పిలిచేవారు, కూలి ఏమి ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు వచ్చింది అనే ప్రశ్నలు వాటికి చేర్చవలసి ఉంది. స్టూవర్టుపురంలో, సీతానగరంలో సెటిల్‌మెంటు తరాన్ని ఎరిగిన వృద్ధురాళ్లను కూడా దొంగతనాల కథల కోసం కాక, వారి తల్లుల సూదుల కోసం అడగవలసి ఉంది.