విషమా? విషూచియా?

దివాన్ దేవిడీకి మీరూ వెళ్ళే ఉంటారు. మదీనా దగ్గర ఆ పాత కమాను దాటితే లోపలంతా బట్టల దుకాణాలే. మొన్న పెళ్ళిబట్టలకని నేనూ మా ఆడపడుచూ వెళ్ళాం. బేరాలన్నీ అయ్యాక కమాను కింద మూటలు దించుకుని ఆటో కోసం నిలబడ్డాం.

"ఇంత పెద్ద గుమ్మం ఎవరిది వదినా?" అంది.

"సాలార్‌జంగ్ గారిది. మ్యూజియం వస్తువులు పోగుచేసినాయన కాదు, వాళ్ళ తాతగారు. మేలిముసుగు రెబెకా బొమ్మను 1876లో రోములో కొన్నది ఈయనే."

"ఓ, ఆయనా! ఆయన్ని విషం పెట్టి చంపారటగా?"

నూట నలభై ఏళ్ళు దాటినా ఆ మాట చావలేదు చూడండి!

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో నిజాముకు దివాను అయ్యేనాటికి నిండా పాతికేళ్ళు లేవు. ఖజానా ఖాళీ. అంతకు కొద్దిరోజుల ముందే బీరారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయాయి. పన్నుల వసూలు గుత్తకిచ్చే పద్ధతి మాన్పించి, జిల్లాలు ఏర్పరచి, రాజ్యాన్ని ఒక గాడిలో పెట్టారాయన. గుత్తలు పోయినవాళ్ళకు కడుపుమంట ఉండదూ? పైగా 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు దివానుగారు ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచారు. ఊళ్ళో చాలామందికి అది మింగుడుపడలేదు.

1859 మార్చిలో రెసిడెంటు డేవిడ్సన్‌తో కలిసి నిజాము దర్బారు నుంచి బయటికి వస్తుంటే, జహంగీర్ ఖాన్ అనేవాడు తుపాకి పేల్చాడు. గురి తప్పింది. కత్తి దూసి మీదికి రాబోయాడు. పక్కనున్నవాళ్ళు అక్కడికక్కడే నరికేశారు. 1868లో పండుగ దర్బారుకు వెళ్తుంటే మళ్ళీ పిస్తోలు పేలింది. మళ్ళీ బతికిపోయారు.

ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళకూ ఆయన కంట్లో నలుసయ్యారు. బీరారు మాది మాకిచ్చెయ్యండంటూ 1876లో లండన్ దాకా వెళ్ళారు మరి! బీరారు రాలేదు సరిగదా, మరుసటి ఏడే ఆయనకు ఇష్టంలేని అమీరును పాలనలో పక్కన కూర్చోబెట్టారు.

ఇన్ని పగల మధ్య, 1883 ఫిబ్రవరి 8న, 54 ఏళ్ళ మనిషి ఉన్నట్టుండి పోయారు. మెక్లెన్‌బర్గ్ రాజవంశపు డ్యూక్ జాన్ ఊళ్ళో అతిథిగా ఉన్న రోజులవి. బాలనిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు పదహారేళ్ళు. మరో ఏడాదికి పట్టాభిషేకం. వైద్యులు కలరా అన్నారు. ఊరు మాత్రం విషమంది.

ఊరికి కారణం లేకపోలేదు. పాషాణం తిన్నా అవే వాంతులు, అవే విరేచనాలు, అదే నీరసం. పైకి చూస్తే రెండూ అక్కచెల్లెళ్ళే. కలరాకు అసలు కారణమైన క్రిమి ఇదీ అని తేల్చటానికి కోచ్ అనే జర్మన్ డాక్టరు కలకత్తా వచ్చింది 1883 చివర్లో. దివానుగారు పోయి అప్పటికి పది నెలలు!

ఇదంతా చెబుతుంటే నాకు మా అమ్మమ్మ చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఒక మోతుబరి రాత్రి సుష్టుగా భోంచేసి, తెల్లారేసరికి వాంతులతో పోయారట. అందరూ అడిగింది ఒకటే మాట — "అన్నం పెట్టిందెవరు?" పెట్టింది వంట చేసే ముసలమ్మ. వారం తిరక్కుండా అదే వీధిలో మరో ఇద్దరు అదే జబ్బుతో పోయారు. అయినా సరే, ఆవిడకు మళ్ళీ ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించే పని దొరకలేదట. "జబ్బుకైతే మందుంది గాని మాటకు లేదే తల్లీ," అనేది అమ్మమ్మ.

"అయితే కలరాయే అంటావా వదినా?" అంది మా ఆడపడుచు.

"నేను అటే మొగ్గుతాను. మొదటి రెండుసార్లూ చంపబోయినవాళ్ళు పట్టపగలు, నలుగురి మధ్యా వచ్చారు. మూడోసారి ఫలానా చెయ్యి అని సాక్ష్యంతో చూపించగలిగినవాళ్ళు లేరు. ఇక నీళ్ళలో వచ్చే కలరాకు నవాబు ఇల్లయితేనేం, గుడిసయితేనేం? అంత పెద్దమనిషి అందరిలాగే నీళ్ళ జబ్బుతో పోయాడంటే మనకే మనసొప్పదు. కుట్ర ఉంటే ఆయన స్థాయికి సరిపోయినట్టుంటుంది."

ఆటో వచ్చింది. మూటలు లోపలికి సర్దుతూ మా ఆడపడుచు కమాను వైపు ఒకసారి తిరిగి చూసింది.

"పాపం, ఆ రాత్రి ఆయన వంటింట్లో ఎవరున్నారో!" అంది.