గంజాయి చట్టబద్ధత

గంజాయి కన్నాబిస్ ప్రజాతికి చెందిన మొక్క. దీని ఆడమొక్క పూతను ఎండబెట్టి పొగ త్రాగుతారు. ఆకును నూరి భంగు చేస్తారు. మత్తు కలిగించే ముఖ్య రసాయనం టి.హెచ్.సి.

ప్రయోజనాలు
క్యాన్సర్ మందుల వలన కలిగే వాంతులకు, కొన్ని రకాల తీవ్రమైన మూర్ఛకు గంజాయిలోని రసాయనాలతో గానీ, వాటిని పోలిన కృత్రిమ రసాయనాలతో గానీ తయారైన ఔషధాలు కొన్ని దేశాలలో వాడుకలో ఉన్నాయి.

నష్టాలు
చిన్న వయసులో మొదలుపెట్టి నిత్యం సేవించేవారికి వ్యసనం, జ్ఞాపకశక్తి లోపం, మతిభ్రమణం వంటి ముప్పు ఎక్కువ. మత్తులో వాహనం నడపడం ప్రమాదకరం.

భారతదేశ చట్టం
1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయలు గల కొనలనే గంజాయిగా నిర్వచించింది. విడి ఆకు, గింజ అందులోకి రావు. కిలో వరకు స్వల్ప పరిమాణం. దీనికి గరిష్ఠంగా ఏడాది శిక్ష. 20 కిలోలు మించితే కనీసం పదేళ్ళు. శిక్ష బరువును బట్టి పెరుగుతుంది కనుక, విశాఖ మన్యం నుండి కూలికి మూట మోసిన వ్యక్తికీ, సరుకు యజమానికీ ఒకే శిక్ష పడవచ్చు.

వాదోపవాదాలు
ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో గంజాయిని చట్టబద్ధం చేశాయి. దీనివలన దొంగవ్యాపారం తగ్గి, నాణ్యతపై అదుపు, ప్రభుత్వానికి పన్ను లభిస్తాయని అనుకూలురు అంటారు. వాడకం పెరిగి యువత నష్టపోతుందని వ్యతిరేకుల వాదన. సేవించేవారిని శిక్షించకుండా చికిత్సకు పంపడం మధ్యేమార్గం. పోర్చుగల్ 2001 నుండి దీనిని అనుసరిస్తున్నది; అక్కడ అమ్మకం నేరంగానే ఉంది.