పెంపుడు తాబేలు చరిత్ర

ఆవును కొనేవాడు పాడి విచారించి, పళ్లు చూచి మరీ కొంటాడు. కుక్కను పెంచదలచినవాడు దాని జాతిని, స్వభావాన్ని తెలుసుకుంటాడు. తాబేలు విషయంలో మాత్రం ఇటువంటి విచారణ సాధారణంగా జరగలేదు. అది చిన్నది, చవకైనది. అరవదు, పరుగెత్తదు, నాలుగు రోజులు తిండి మరచిపోయినా చావదు. ఈ గుణాలు చూచే మనిషి దానిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఎంపిక ఎంత పొరపాటో రెండున్నర శతాబ్దాల చరిత్ర తెలుపుతున్నది.

తెలుగులో తాబేలు అనే ఒకే మాటతో రెండు రకాల జంతువులను పిలుస్తాము. మెట్ట తాబేలుకు ఎత్తయిన డిప్ప, స్తంభాలవంటి కాళ్లు ఉంటాయి; గడ్డి, ఆకులు దాని ముఖ్యాహారం. నీటి తాబేలు డిప్ప చదునుగా ఉంటుంది. వేళ్ల మధ్య పలుచని చర్మం ఈదడానికి తోడ్పడుతుంది. చేపలను, పురుగులను, నీటి మొక్కలను తింటుంది. రెండూ సరీసృపాలే. అనగా మనవలె ఒంటి వేడిని తామే పుట్టించుకొనలేవు. ఎండ తగిలితేనే అవి చురుకుగా తిరుగుతాయి, తిన్నది అరుగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తరువాతి కథ అంతా సులభంగా బోధపడుతుంది.

పెంపుడు తాబేళ్లలో శాస్త్ర ప్రసిద్ధి పొందినది టిమోతీ. సుమారు 1740లో ఇంగ్లండులోని చిచెస్టర్ పట్టణంలో ఒక నావికుని వద్ద దీనిని అర క్రౌనుకు, అనగా రెండున్నర షిల్లింగులకు కొన్నారట. ఇది మధ్యధరా సముద్ర తీరప్రాంతపు మెట్ట తాబేలు. ససెక్స్ జిల్లాలోని రింగ్మర్ గ్రామంలో, చుట్టూ గోడ ఉన్న ఒక పెరటిలో అది దాదాపు నలభై ఏళ్లు జీవించింది. ఆ ఇంటి యజమానురాలు రెబెక్కా స్నూక్. ఆమె మేనల్లుడు గిల్బర్ట్ వైట్, సెల్బోర్న్ గ్రామంలో మతాచార్యుడు, ప్రకృతి పరిశీలకుడు.

1780లో ఆమె మరణించగా వైట్ ఆ తాబేలును తనతో తీసుకొనిపోయాడు. అది మార్చి నెల. తాబేలు ఇంకా మట్టిలో చలి నిద్రలోనే ఉన్నది. దానిని తవ్వి తీసి, మట్టితో సహా పెట్టెలో ఉంచి, గుర్రపు బండ్లపై ఎనభై మైళ్లు ప్రయాణం చేయించాడు. ఆ కుదుపులకు అది మేలుకొన్నది. కొత్త తోటలో రెండు మార్లు అటూ ఇటూ నడిచి, తిరిగి మట్టిలోకి దిగిపోయింది.

వైట్ దాని దినచర్యను ఏళ్ల తరబడి వ్రాసి ఉంచాడు. నవంబరులో అది మందకొడిగా గుంట తవ్వుకొని పడుకొనేది. ఏప్రిల్ నెలలో పైకి వచ్చేది. వాన చినుకు పడితే చాలు, చాటుకు పోయేది. శరదృతువులో ఎండ పలుచబడినపుడు డిప్పను గోడకు ఏటవాలుగా ఆనించి, ఎక్కువ కిరణాలు తనపై పడేటట్లు నిలిచేది. బూరతో గట్టిగా పిలిచినా లక్ష్యపెట్టేది కాదు. తిండి పెట్టే యజమానురాలిని మాత్రం గుర్తించి ఆమెవైపు నడిచేది. ఇటువంటి పరిశీలనలు ఆయన గ్రంథం “సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర”లో ఉన్నాయి. 1793లో వైట్ మరణించాడు. టిమోతీ మరుసటి ఏడు, 1794లో మరణించింది. దాని డిప్ప లండనులోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. తరువాత ఆ డిప్పను పరీక్షించినప్పుడు తేలిన వింత ఏమనగా, అందరూ మగదిగా భావించిన టిమోతీ నిజానికి ఆడ తాబేలు.

టిమోతీ ఇన్నేళ్లు బ్రతికినది దాని ఓర్పువల్ల మాత్రమే కాదు. దానికి తవ్వుకోవడానికి మట్టి, ఆనుకోవడానికి ఎండ తగిలే గోడ, మేయడానికి మొక్కలు దొరికాయి. ఒకరు పోతే మరొకరు చూచుకున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటనుకు దిగుమతి అయిన తాబేళ్లకు ఈ భాగ్యం లేదు. మొరాకో మొదలయిన దేశాలనుండి లక్షల కొద్దీ తాబేళ్లను ఓడలలో ఒకదానిపై ఒకటి పేర్చి తెచ్చి, అంగళ్లలో అమ్మారు. చాలినంత కొవ్వు కూడబెట్టుకొనక ముందే చలికాలం వచ్చేది. వాటిలో అత్యధిక భాగం మొదటి శీతాకాలం దాటలేదు. తాబేలు పస్తులున్నా వెంటనే చావదు కనుక, అది చిక్కిపోతున్నదని పెంచేవారు గ్రహించలేకపోయారు. చివరకు 1984లో ఐరోపా ఆర్థిక సమాజం మధ్యధరా తాబేళ్ల వాణిజ్య దిగుమతిని నిషేధించింది.

అమెరికాలో కథ నీటి తాబేలుది. కంటి వెనుక ఎర్రని పట్టె ఉన్న తాబేలు పిల్లలను లూసియానా రాష్ట్రపు చెరువులలో పెంచి, చిల్లర అంగళ్లలో ప్లాస్టిక్ గిన్నెతో సహా పిల్లలకు అమ్మేవారు. రూపాయి నాణెం కంటె కొంచెం పెద్దదైన ఆ ప్రాణి క్రమంగా పది, పన్నెండు అంగుళాల వరకు పెరుగుతుందని, ముప్పయి ఏళ్లు బ్రతకగలదని కొనేవారికి తెలియదు. గిన్నెలో అంత కాలం బ్రతికినవి చాలా అరుదు. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి బయటపడింది. తాబేలు పేగులలో సాల్మనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. తాబేలుకు దానివల్ల హాని ఉండదు. కాని గిన్నెలోని నీటిద్వారా, చేతులద్వారా అది పిల్లలకు సోకి విరేచనాలు, జ్వరం కలిగిస్తుంది. 1970 తరువాతి తొలి సంవత్సరాలలో ఈ విధంగా ఏటా సుమారు 2,80,000 మంది జబ్బుపడినట్లు ఆ దేశంలో అంచనా వేశారు. 1975లో నాలుగు అంగుళాలకు లోబడిన డిప్పగల తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. పసిపిల్లలు నోటిలో పెట్టుకోగలిగిన పరిమాణాన్ని దృష్టిలో ఉంచుకొనే ఆ కొలత నిర్ణయించారు.

అయినప్పటికీ ఇతర దేశాలకు ఎగుమతి ఆగలేదు. పెరిగి పెద్దదైన తాబేలును ఏమి చేయాలో తోచక అనేకులు చెరువులలో వదిలారు. అక్కడ అది తిండికోసం, ఎండ కాచుకొనే తావుకోసం స్థానిక తాబేళ్లతో పోటీపడింది. ఐరోపా సమాజం 1997లో దాని దిగుమతిని కూడా నిలిపివేసింది. భారతదేశంలోని కొన్ని చెరువులలో సైతం ఈ విదేశీ తాబేలు కనిపించింది.

ఈ చరిత్రకు తెలుగునాటితోనూ సంబంధం ఉన్నది. చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతాల మెట్ట పొదలలో నివసించే నక్షత్ర తాబేలు డిప్పపై పసుపుపచ్చని చారలు నక్షత్రాలవలె అమరి ఉంటాయి. ఆ అందమే దానికి శత్రువు. తాబేలు ఇంట ఉంటే కలిసివస్తుందనే నమ్మకం ఒకవైపు, విదేశాలలోని గిరాకీ మరొకవైపు దానిని అడవినుండి దూరం చేశాయి. ఆడది ఒక్కొక్క మారు కొద్ది గుడ్లే పెడుతుంది; పిల్ల ఎదిగి గుడ్లు పెట్టే వయసు రావడానికి అనేక సంవత్సరాలు పడుతుంది. కనుక పెద్దవాటిని పట్టుకుపోతే ఆ లోటు త్వరగా పూడదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని పట్టడం, అమ్మడం, ఇంట ఉంచుకోవడం నేరం. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో దీని అంతర్జాతీయ వాణిజ్యాన్ని కూడా నిషేధించారు.

కాబట్టి తాబేలును ఎంచుకునేవారు చూడవలసినది ధర కాదు, నేటి పరిమాణమూ కాదు. అది పెరిగితే ఎంత అవుతుంది, ఎండ, నేల, నీరు ఎక్కడ దొరుకుతాయి, ముప్పయి ఏళ్ల తరువాత దానిని ఎవరు చూస్తారు, అసలు ఎక్కడనుండి వచ్చింది అన్నవే ప్రశ్నలు. వీటికి సమాధానం లేనప్పుడు తాబేలును దాని చెరువులోనో పొదలోనో వదిలి చూడటమే ఉత్తమం. వైట్ కూడా టిమోతీ చేత ఏమీ చేయించలేదు. చూచాడు, వ్రాసుకున్నాడు. ఆయనను నేటికీ శాస్త్రలోకం స్మరించడానికి ఆ చూపే కారణం.